దాలి మీది పాలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక అత్తగారు. ఆవిడకి ముగ్గురు కోడళ్ళు. కొడుకులూ ఉన్నారు గానీ ఈ కథలో వాళ్ళకి పెద్ద పని లేదు. మామగారు ఉన్నారు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చడం తప్ప ఆయన చేసే పనేమీ లేదని ఊరంతా అనుకునేవారు. కథలో ఆయనకో పని ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ ఏడు దసరా వెళ్ళగానే ఇంట్లో మూడు గేదెలు వరసగా ఈనాయి. అత్తగారు కోడళ్ళని పిలిచి అటక మీంచి మూడు జాడీలు దింపించింది. ఒక్కోటీ నాలుగు శేర్లు పడుతుంది.

"తలా ఒక గేదె. ఇంటి వాడకానికి పోను రోజుకి ఒక చెంబెడు పాలు మిగుల్తాయి. అవి మీవి. సంక్రాంతికి ఈ జాడీ నిండా నెయ్యి తెచ్చి నా ముందు పెట్టినదానికి ఆ గేదె దూడతో సహా సొంతం. అమ్ముకున్నా, పుట్టింటికి తోలుకుపోయినా నేను అడగను. ఒకటే షరతు. నెయ్యి పేరు చెప్పి ఇంటిపనిలో గానీ పొలం పనిలో గానీ వెనక్కి తగ్గకూడదు" అంది.

ఆ ఇంట్లో కోడళ్ళకి సొంతమన్నది పుట్టింటివాళ్ళు పెట్టిన పెట్టె, దాని తాళంచెవీ. గేదె అంటే మాటలా?

పెద్దకోడలు పనిమంతురాలు. ముగ్గురిలోకీ రెక్కల కష్టం ఎక్కువ ఆవిడదే. మర్నాడే పాలు పొయ్యి మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇంతలో ఉయ్యాల్లో చంటాడు కెవ్వుమన్నాడు. వాణ్ణి సముదాయించి వచ్చేసరికి సగం పాలు పొయ్యిలో ఉన్నాయి. ఇంకోరోజు వాకిట్లో ఎవరో పిలిచారు, పాలు అడుగంటాయి. మంట తగ్గిస్తే పొయ్యి ఆరిపోయేది, పెంచితే పాలు పొంగేవి. పొయ్యికి మనిషి కావాలి. ఆ ఇంట్లో ఏ మనిషీ పొయ్యి ముందు పూటంతా కూర్చోగలిగే స్థితిలో లేదు. నెల తిరక్కుండా ఆవిడ జాడీని బోర్లించేసి, "సంసారం చేసుకుంటూ ఇంత నెయ్యి తీసిన ఆడది ఈ భూమ్మీద పుట్టలేదు" అని తేల్చేసి, చెంబెడు పాలూ పిల్లలకి పోసేసింది.

నడిపి కోడలిది వేరే తీరు. కార్తీక సోమవారాలు వెళ్ళిపోనీ అంది. అవి వెళ్ళాయి. కోతలు అయిపోనీ అంది. కోతలయ్యాక నూర్పులు వచ్చాయి. నూర్పులయ్యాక ఆడపడుచు పురిటికి వచ్చింది. ఈలోగా మిగిలిన చెంబెడు పాలూ రోజూ ఎటో పోతూనే ఉన్నాయి.

చిన్నకోడలు కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల. దానికి పుట్టింట్లో దాలి తెలుసు. ఇప్పటి పిల్లలకి చెప్పాలి గనక చెప్తున్నాను. దాలి అంటే మూరెడు గుంట. అడుగున ఊక పోసి, పైన రెండు పిడకలు విరిచి, పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక తెచ్చి మధ్యలో ఉంచుతారు. మంట రాకూడదు. మంట వచ్చిందంటే చెడిందన్నమాటే. పిడక అంచు ఎర్రబడి, ఆ ఎరుపు మీద తెల్లటి నివురు సన్నగా పొర కట్టాలి. అప్పుడు పాలదుత్త దించి, పైన మూకుడు మూస్తారు. ఇక ఆ పాలు పొంగవు. కాగుతూనే ఉంటాయి. మధ్యాహ్నానికి మీద మీగడ తరక కడుతుంది. దీపాలవేళకి పాలు లేత ఎరుపు తిరుగుతాయి, మీగడ అట్టులా చేతికొస్తుంది. ఆ పాలు తోడుపెట్టి చిలికితే వచ్చే వెన్న సంగతి చెప్పనక్కర్లేదు. దాలికి మనిషి ఎదురుగా కూర్చోనక్కర్లేదు. దారినపోయేవాళ్ళు ఎవరో ఒకరు మధ్యాహ్నం ఒక పిడక వేస్తే చాలు.

ఆ పిల్ల దాలి పెట్టింది. ఎక్కడ? గడ్డివాము వెనకాల, ఎవరి కంటా పడకుండా. కొత్తకోడలు అప్పుడే సొంత గేదె మీద కన్నేసిందంటారని భయం. చేతకాకపోతే నవ్వుతారని ఇంకో భయం.

మూడో రోజు మామగారు గడ్డివాము వెనక నించి పొగ రావడం చూసి, గుండె జారి, రెండు బిందెల నీళ్ళు పోశారు. పాపం ఆయన తప్పేముంది? వాము పక్కన పొగ చూసి కూడా నీళ్ళు పొయ్యనివాడు సంసారి కాడు. మళ్ళీ పెట్టింది. ఈసారి కుక్క మూకుడు తోసేసింది. ఇంకోసారి చిన్నకోడలు చేలోకి వెళ్ళింది, పిడక వేసే దిక్కులేక నిప్పు చల్లారిపోయింది, పాలు విరిగిపోయాయి. ఒక్క నెలలో సవ్యంగా కాగింది రెండే రెండు రోజులు.

ఒక రాత్రి అందరూ భోజనాలు చేసి చేతులు కడుక్కుంటుంటే ఆ పిల్ల గొంతు పెగుల్చుకుంది.

"మావయ్యగారూ, వాము వెనకాల పొగ నాదే. రేపట్నించి దాలి మీ అరుగు ముందు పెడతాను. నేను చేలోంచి మధ్యాహ్నం రాలేను. ఎండ ఆ రాటదాకా వచ్చినప్పుడు ఒక్క పిడక వెయ్యండి. ఒక్కటే. రెండేస్తే మంటొస్తుంది."

మామగారు ఏమీ అనలేదు.

"అత్తయ్యగారూ, మీరేమీ చెయ్యక్కర్లేదు. కుక్క వస్తే అరవండి చాలు."

"అరవడానికి నాకొకరు చెప్పాలా?" అంది అత్తగారు.

మామగారు చుట్ట తీసి, కొస కొరికి, "నా చుట్టకి నిప్పు ఇస్తావా?" అన్నారు.

"కావల్సినంత, మావయ్యగారూ."

బేరం కుదిరింది. అప్పటిదాకా నిప్పు కోసం రోజుకి నాలుగుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, కోడళ్ళని అడగలేక దగ్గుతూ నిలబడిన మనిషికి అరుగు ముందే నిప్పు దొరికింది. ఆయన దాలిని కన్నపిల్లలా చూసుకున్నారంటే అబద్ధం. ఒకరోజు మరిచిపోయారు. ఇంకోరోజు మంచి ఉత్సాహం మీద ఉండి మూడు పిడకలు పడేస్తే పాలు పొగచూరి, ఆ పెరుగు ఎవరూ నోట పెట్టలేకపోయారు. అయినా దాలి ఆరలేదు. పెద్దకోడలి పెద్దకొడుకు కర్ర పట్టుకుని కుక్కకి కాపలా కాశాడు. తెల్లవారుజామున ఇరుగమ్మ పొరుగమ్మ నిప్పు కోసం వచ్చి, పోతూ పోతూ నివురు సర్ది పోయారు. పుష్యమాసం వచ్చేసరికి పెద్దకోడలు కూడా తన చెంబు తెచ్చి పక్కన ఆనించింది, ఏమీ చెప్పకుండా.

భోగి నాడు జాడీలు అత్తగారి ముందుకొచ్చాయి. పెద్దకోడలిది అడుగున ఒక పొర. నడిపి కోడలిది నిండు జాడీ! చిన్నకోడలిది నాలుగు వేళ్ళు తక్కువ.

అత్తగారు నిండు జాడీలో వేలు ముంచింది. నెయ్యి వేలి మీంచి నూనెలా జారింది. "కుండలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లుపోతున్నాయి. ఈ చలిలో నెయ్యి పూస కట్టకుండా ఎలా ఉందే?" అంది. నడిపి కోడలు తలొంచుకుంది. మొన్న సంతలో కొన్న నెయ్యి అది. చవగ్గా వచ్చింది.

తర్వాత చిన్నకోడలి జాడీలో వేలు పెట్టింది. ఇసకలా పూస తగిలింది. "నాలుగు వేళ్ళు తక్కువుంది" అంది.

"అవునండి."

"గేదె ఇంకా పాలిస్తోందా?"

"ఇస్తోందండి."

"అయితే ఎత్తి లోపల పెట్టు."

నడిపి కోడలు ఊరుకోలేదు. "సంక్రాంతికి అన్నారు కదండీ!" అంది. "అన్నాను. పండగ వెళ్ళగానే గేదె ఒట్టిపోతుందని అనలేదు కదా" అంది అత్తగారు.

శివరాత్రికి జాడీ నిండింది. గేదె చిన్నకోడలిదయింది. దాన్ని పుట్టింటికి తోలుకుపోయిందో, అదే పాకలో కట్టుకుందో కథ చెప్పదు.

నీతి

పాత పుస్తకంలో అయితే ఇక్కడ ఒక గీత గీసి, కింద 'నిదానమే ప్రధానం' అని వేసేవారు. నాకది ఒప్పుదల కాదు. చిన్నకోడలు మొదటి నెలలోనూ నిదానంగానే ఉంది, కష్టపడుతూనే ఉంది. అయినా పాలు విరిగాయి. తేడా వచ్చింది దాలి పెట్టిన చోటులో. ఈ కథ నీతి నా లెక్కలో ఇది: దాలిని వాము వెనక పెట్టకు, అరుగు ముందు పెట్టు. ఉద్యోగం, సంసారం వదలకుండా ఫోనులో డిగ్రీ చదువుతున్నవాళ్ళ కోసం ఈ నీతి రాస్తున్నాను.

మా చిన్నక్క విజయనగరంలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తుంది. ఇంటర్ అయిన ఏడాదే పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు, అత్తా మామా, లోడు ఆటో నడిపే బావ. 2019 జూలైలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అదే ఇగ్నోలో, బీఏకి చేరింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈరోజుల్లో అది సాధ్యం. దరఖాస్తు ఫోనులో, ఫీజు ఫోనులో, పుస్తకాలు ఇగ్నో వాళ్ళ సైటు ఈజ్ఞానకోశ్‌లో పీడీఎఫ్‌లుగా ఫోనులో, పాఠాల వీడియోలు ఫోనులో. అచ్చు పుస్తకాలు పోస్టులో వస్తే గుట్టు బయటపడుతుందని, డిజిటల్ పుస్తకాలు చాలన్న గడిలో టిక్కు పెట్టింది. ఇదే గడ్డివాము వెనక గుంట తవ్వడం.

ఇలా గుట్టుగా చదవడం పాతకాలంలో కుదిరేది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాట మొదలైంది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారినే 1985లో పుట్టిన ఇగ్నోకీ మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్ళారు. ఇంటర్ గడప తొక్కనివాళ్ళకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది ఆ అంబేద్కర్ విశ్వవిద్యాలయం. అప్పుడు ఆదివారం క్లాసులుండేవి. గుమస్తాలు, టీచర్లు, కండక్టర్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి స్టడీ సెంటర్‌కి వెళ్ళేవారు. చేతిలో అచ్చు పుస్తకాల కట్ట. మనిషి చదువుతున్నాడని వీధి వీధంతా తెలిసేది. ఆ బస్సు ప్రయాణం ఇప్పుడు తప్పింది, సంతోషమే. దానితోపాటు ఆ కనిపించడం కూడా పోయింది. ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి ఆర్థికశాస్త్రం చదువుతోందో రీల్స్ చూస్తోందో పక్కవాళ్ళకి ఎలా తెలుస్తుంది? పొగ ఒకేలా ఉంటుంది.

చిన్నక్క రాత్రి పదకొండు దాటాక దుప్పటి కప్పుకుని చదివేది. నెల తిరిగేసరికి వాళ్ళత్తగారికి అనుమానం వచ్చింది. ఇంత రాత్రప్పుడు కోడలి దుప్పట్లో ఆ వెలుతురేమిటి? ఆవిడ కోడల్ని అడగలేదు, కొడుకు చెవిలో వేసింది. బావ మంచివాడే, కానీ పద్నాలుగు గంటలు బండి నడిపి వచ్చిన మనిషి. ఆ రాత్రి జరిగిన గొడవ నేనిక్కడ రాయను. ఫోను బీరువా మీదికి వెళ్ళింది. అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది. వాటికి ముప్ఫై శాతం మార్కులు. అవి ఇవ్వకుండా పరీక్ష ఒక్కటే రాసి గట్టెక్కడం కుదరదు. ఏడాది గడిచేసరికి చేతిలో ఒక్క పేపరు కూడా లేదు. నేను విని బావ మీద మండిపడ్డాను. చిన్నక్క మాత్రం, "ఆయనకి కనిపించింది పొగ ఒక్కటే కదే" అంది. ఈ కథ నాకు తట్టింది ఆ మాట దగ్గరే.

తర్వాత తను చేసిన పని చూడండి. జిరాక్సు కొట్టుకెళ్ళి, ఫోనులో ఉన్న రెండు పుస్తకాలు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించి తెచ్చి, టీవీ పక్కన పెట్టింది. లోపల పెట్టలేదు, బీరువాలో దాచలేదు. టీవీ పక్కన. రిమోట్ కోసం చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళకీ అవి తగిలేవి. మా అక్క ఆ పుస్తకాల మార్జిన్లలో ఇంగ్లీషు మాట పక్కన తెలుగులో అర్థం రాసుకునేది, పెన్సిలుతో. ఒక పేజీలో 'కొరత' అని రాసి, పక్కన బ్రాకెట్లో 'మా ఇంట్లో లాగ' అని కూడా ఉంది.

లెక్కల మనిషి గనక ముందు లెక్క వేసింది. ఇగ్నో వాళ్ళ కొలత ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆ బీఏకి 132 క్రెడిట్లు. అంటే 3,960 గంటలు. మూడేళ్ళలో ముగించాలంటే రోజుకి మూడు గంటల 37 నిమిషాలు, పండగలూ పబ్బాలూ జ్వరాలూ లేకుండా. కొట్టూ ఇల్లూ ఉన్న మనిషికి అది పొయ్యి మీద పాలే. కానీ ఆ డిగ్రీకి ఆరేళ్ళ దాకా గడువుంది. ఆరేళ్ళూ వాడుకుంటే రోజుకి గంటా 48 నిమిషాలు. ఒక ఏడు అప్పుడే పోయింది, అయినా సరే ఆ అంకె పట్టుకుంది. పోయినది ఎక్కడో ఆదివారాల్లో పూడ్చుకోవచ్చు అనుకుంది. గడువు ఎక్కువ తీసుకున్నవాళ్ళని చూసి 'ఇంకా అవలేదా?' అనేవాళ్ళకి నాదొకటే మనవి. ఆ ఆరేళ్ళు మందబుద్ధుల కోసం పెట్టినవి కావు. గేదె పాలిస్తోందా లేదా అన్నదే చూడాలి.

ఆ లెక్క కాగితం పట్టుకుని ఒక ఆదివారం ఇంట్లో అందరి ముందూ కూర్చుంది. ఉపన్యాసం ఇవ్వలేదు. స్త్రీ విద్య గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "మావయ్యా, పొద్దున్న పాల పాకెట్టు మీరు తెండి. మోటారు స్విచ్చి మీరే వెయ్యండి. ఐదు నించి ఆరూ నలభై ఎనిమిది దాకా నేను నడిమి గదిలో తలుపేసుకుంటాను. అత్తా, నువ్వు కుక్కరు కూతలు లెక్కపెట్టి కట్టేస్తే చాలు" అంది. మామగారు కాగితం చూసి, "నలభై ఎనిమిదేంటే, పోనీ ఏడు చేసుకో" అన్నారు. అడిగినదానికి పన్నెండు నిమిషాలు ఎక్కువే ఇచ్చారు.

'కాస్త సాయం చెయ్యండి' అంటే ఇంట్లో ఎవరూ కదలరు, ఎందుకంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు. ఎండ రాటదాకా వచ్చినప్పుడు ఒక్క పిడక అంటే ఎవరైనా వేస్తారు.

కొట్టు యజమాని దగ్గర మాత్రం ఇంత తేలిగ్గా తేలలేదు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. బట్టల కొట్టుకి జూన్ అంటే బడి యూనిఫారాలు, డిసెంబరు అంటే క్రిస్మస్, వెనకే సంక్రాంతి. చదువైతే ఈవిడ మానేసి వెళ్ళిపోతుందని ఆయన భయం, అది నిజం కూడా కావచ్చు. చివరికి విడతకి రెండు మూడు పేపర్లకి మించి రాయనని, పోయిన పూటలు ఆదివారం వచ్చి పూడుస్తానని ఒప్పించింది. ఆయన గొణుగుతూ ఒప్పుకున్నాడు. చివరిదాకా గొణుగుతూనే ఉన్నాడు.

చిన్నక్క మామగారు కూడా కథలో మామగారి లాంటివారే. ఒకసారి పిల్లలు తలుపు కొడుతున్నారని బయట గొళ్ళెం పెట్టేసి, టీ తాగడానికి వెళ్ళి, అక్కడ రాజకీయాల్లో పడి ఎనిమిదిన్నర దాకా రాలేదు. మూడు పిడకలు వేశారన్నమాట. ఇంట్లో ఎవరికీ వినపడలేదేమో, చిన్నక్క లోపల్నించి అరిచి అరిచి ఊరుకుంది. ఆ రోజు కొట్టుకి ఆలస్యంగా వెళ్ళి మాట పడింది. సాయంత్రం ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదట.

కథలో నాకు నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి. అడగవలసింది ఎప్పుడూ కోడలే. మా ఇంట్లో అన్నయ్య బ్యాంకు పరీక్షలకి చదివిన రోజుల్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఇల్లు తనంతట తనే గొంతు తగ్గించుకుంది. టీవీ మీద గుడ్డ కప్పారు. రాత్రి పదింటికి అమ్మ హార్లిక్స్ కలిపి తలుపు దగ్గర పెట్టేది. మగవాడి దాలికి నిప్పు ఇల్లే పట్టుకొస్తుంది. ఆడదాని దాలికి బేరం కుదరాలి, చుట్టకి నిప్పు ఇవ్వాలి. ఇది న్యాయం కాదు. కానీ న్యాయం వచ్చేదాకా పాలు ఆగవు గనక, అడగడం నేర్చుకున్నదే నెగ్గుతోంది. ఇల్లంటూ లేకుండా దుబాయిలోనో కువైట్‌లోనో ఒకే గదిలో ఆరుగురితో ఉంటూ ఆన్‌లైన్‌లో చదివే మనవాళ్ళకి ఆ ఆరుగురే అరుగు.

ఇక సంత నెయ్యి. ఇది బాగా అమ్ముడవుతోంది. 'ఒక్క ఏడాదిలో డిగ్రీ, పరీక్ష మేం చూసుకుంటాం, పాత తేదీ వేయిస్తాం' అని ఫోన్లు చేసేవాళ్ళు చిన్నక్కకీ తగిలారు. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకి యూజీసీ 2020లో నిబంధనలు పెట్టింది. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయాలు, కోర్సుల జాబితా ఏటా దాని దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఉంటుంది. అక్కడ లేనిది కొనకూడదు. ఇంజినీరింగు, ఫార్మసీ, లా డిగ్రీల్లాంటివి ఈ దారిలో ఎవరిచ్చినా చెల్లవు. అనుమతి ఉన్న చోట నిజంగా చదివిన డిగ్రీ కాలేజీకి వెళ్ళి చదివినదానితో సమానమని 2022లో యూజీసీ మరోసారి చెప్పింది. అయినా కొందరు ఇంటర్వ్యూల్లో పెదవి విరుస్తూ 'కరెస్పాండెన్సా?' అంటారు. అనేవాళ్ళని అననివ్వండి. సర్టిఫికెట్ల తనిఖీ అనే చలి వచ్చినప్పుడు ఏది పూస కడుతుందో, ఏది జారుతుందో అప్పుడు తెలుస్తుంది.

చిన్నక్క ఆఖరి రెండు పేపర్లు 2024 డిసెంబరులో రాసింది. కొట్లో పండగ గిరాకీ మీద ఉన్నారు. పరీక్ష మధ్యాహ్నం కావడంతో పొద్దున్నంతా లెక్కలు చూసి, అక్కడ్నించే సెంటర్‌కి వెళ్ళింది. రాత్రి ఇంటికొచ్చి స్పైరల్ పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది, మంచం కింద తోసి, మర్నాడు ఏడింటిదాకా పడుకుంటానని అందరికీ చెప్పి పడుకుంది.

ఐదింటికి మెలకువ వచ్చేసింది. వీధి తలుపు చప్పుడైంది, మామగారు పాల పాకెట్టుకి వెళ్ళారు. వచ్చారు. మోటారు స్విచ్చి టక్కుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిమి గది దాకా వచ్చి, లోపలికి చూడకుండా, పిల్లలు లేవకుండా మెల్లిగా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. చిన్నక్క చీకట్లో పడుకుని పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ ఉండిపోయింది.